నాన్నగారి రెండెకరాలు

మా నాన్నగారికి రెండెకరాల కొబ్బరితోట ఉంది. దస్తావేజులు ఉన్నాయి, పట్టాదారు పాసుపుస్తకం ఉంది, అవన్నీ భద్రంగా రేకుపెట్టెలో ఉన్నాయి. తోట మాత్రం ఏట్లో ఉంది.

ఏటి ఒడ్డున అనబోయి పొరపాటున అలా రాశాననుకునేరు. ఏట్లోనే ఉంది. మాది కోనసీమలో వసిష్ఠ పాయ పక్కన ఓ మోస్తరు ఊరు. ఏటిగట్టుకి అవతల, నీటికి ఇవతల ఉన్న మెరకలో మా తాతగారి నాటి తోట. 2006 ఆగస్టు వరదలో ఎకరం పైగా ఒక్క వారంలో కోసుకుపోయింది. తక్కినది ఏడాదికి కొంత చొప్పున, వాయిదాల మీద అప్పు తీర్చినట్టు, ఏటికి చెల్లించుకుంటూ వచ్చాం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది చూడండి, ఆ వారంలో ఆఖరి పదకొండు చెట్లూ వెళ్లిపోయాయి.

కొబ్బరిచెట్టు ఏట్లో పడడం మీరు చూసి ఉండకపోవచ్చు. అది ఒక్కసారిగా పడదు. ముందు ఒడ్డు కింద మట్టి జారి వేళ్లు బయటపడతాయి. తరవాత చెట్టు నీటివైపు వంగుతుంది. వంగి, అలాగే కొన్నాళ్లు ఉంటుంది. ఆ కొన్నాళ్లూ కాయలు కూడా కాస్తుంది. దింపు తీసేవాడు మాత్రం చచ్చినా ఎక్కనంటాడు. ఒక రాత్రివేళ పెద్ద చప్పుడు వినిపిస్తుంది. ఇంట్లో అందరికీ మెలకువ వస్తుంది గాని ఎవరూ మాట్లాడరు. తెల్లవారాక నాన్నగారు గట్టుమీదికి వెళ్లి మిగిలినవి లెక్కపెట్టుకుని వస్తారు.

ఇంతవరకూ అయితే ఏటి ఒడ్డున ఉన్న ప్రతి ఊళ్లోనూ వినిపించే కథే. మా కథలో విశేషం ఏమిటంటే, అవతలి ఒడ్డున మా బాబాయి ఉన్నాడు. సొంత బాబాయి కాడు, నాన్నగారి పెదతండ్రి కొడుకు. చిన్నతనంలో ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఇటు మా తోట తరుగుతున్న రోజుల్లోనే అటు ఆయన పొలం ముందు మేట పడసాగింది. మొదట ఇసుకతిన్నె, దానిమీద రెల్లు, రెల్లు పట్టాక ఒండ్రు, ఒండ్రు మీద అరటి. నాన్నగారు గట్టుమీద కూచుని రెండూ చూశారు. చూసి ఓ లెక్క కట్టారు. ఇక్కడ రెండెకరాలు పోయాయి, అక్కడ దగ్గర దగ్గర రెండెకరాలు లేచాయి. దీనికి కాగితం, కలం ఎందుకు?

“నా మట్టి వాడి దొడ్లో ఉందమ్మా” అనేవారు.

తమాషా ఏమిటంటే బాబాయి కూడా అదే నమ్మాడు. నమ్మి, ఏటా ఆ మేటలో పండిన మొదటి చక్కెరకేళి గెలని పంటు మీద ఇవతలికి పంపేవాడు. “అన్నయ్య మట్టిలో పండింది, అన్నయ్యకే ముందు” అని కబురు. నాన్నగారికి ఆ కబురు పుండు మీద కారంలా ఉండేది. “నా నేల తిని నాకు పండు పెడతాడా?” అని అదే పంటు మీద గెలని వెనక్కి పంపించేవారు. మా అమ్మ గుమ్మంలో నిలబడి వచ్చే గెలనీ వెళ్లే గెలనీ చూస్తూ ఉండేది. పదిహేనేళ్లకి పైగా ఇదే వరస. పంటువాడు పాపం మంచివాడు, రెండువైపులా మోసేవాడు.

మొన్న మాఘంలో బాబాయి మనవరాలి పెళ్లి. శుభలేఖ పట్టుకుని ఆయన కొడుకే స్వయంగా వచ్చాడు. ఊళ్లో అంత జాగా లేదని పందిరి మేటనేల మీదే వేస్తున్నామని మాటల్లో నోరుజారాడు. “నా మట్టి మీద వేసిన పందిట్లో నేను అక్షింతలు వెయ్యను” అన్నారు నాన్నగారు. ఆయనకి 79 ఏళ్లు. బాబాయికి 77. ఈ పెళ్లికి కలవకపోతే ఇహ కలిసేది ఎప్పుడో, ఏ సందర్భంలోనో మా అందరికీ తెలుసు. ఆ మాట పైకి అనడం ఎవరికీ ఇష్టం లేదు.

నేను రాజమహేంద్రవరంలో ఓ కాలేజీలో తెలుగు చెబుతాను. మా శాఖలో మట్టికి మాటలు ఎక్కువ, మట్టి తక్కువ. ఒండ్రు, అడుసు, బురద, రొంపి, పూడిక, మేట, రేగడి, ఇవి తెలుగువి. సంస్కృతానికి వెళ్తే పంకం, కర్దమం అంటూ మరో అరడజను చెప్పగలను. తామరపువ్వు బురదలో పుట్టింది గనక పంకజం అయిందని ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. పువ్వు పుట్టినిల్లు ఏదో విచారించిన మన పెద్దలు, ఆ పంకం పుట్టినిల్లు ఏదో ఎందుకు విచారించలేదన్న సందేహం నాకు కూడా మొన్నటిదాకా రాలేదు.

అబద్ధం ఎందుకు, ఒకసారి వచ్చింది. అప్పుడు నాకు ఆరేళ్లు. 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీళ్లు దాటిపోయిన వరద అది; మా వైపు ఇప్పటికీ కొందరు పిల్లల వయసులు ఆ వరదని బట్టే చెబుతారు. వరద తీశాక మా ఇంట్లో, అరుగు మీద, వంటింట్లో, దేవుడి గూట్లో కూడా జానెడు మందాన మెత్తటి బురద. అమ్మ ఏడుస్తోంది. మా నాయనమ్మ మాత్రం ఆ బురదని తట్టలకెత్తించి జాగ్రత్తగా అరటిపాదుల్లో పోయించింది. “పారబోసే మట్టి కాదే ఇది” అంది. ఎక్కడిదే నాయనమ్మా అంటే, “ఎర్రగా వస్తే శబరిది, నల్లగా వస్తే పైదేశంది” అంది. పైదేశం అంటే ఏమిటో ఆవిడకీ తెలియదు. తాగే నీళ్ల బిందెలో ఇండుపగింజ (కొందరు చిల్లగింజ అంటారు) అరగదీసి కలిపి, రాత్రి ఉంచి, పొద్దున్న పైన తేరిన నీళ్లు వంచుకుని, అడుగున మిగిలిన మడ్డి రంగు చూసి ఏ నీరు వచ్చిందో చెప్పేది. మేం నవ్వేవాళ్లం.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మూడు సీసాల్లో మట్టి పట్టుకున్నాను. ఒకటి తెగిపోయిన మా ఒడ్డుది. ఒకటి బాబాయి మేటది, పంటువాడి చేత రహస్యంగా తెప్పించాను. మూడోది 2022 వరదకి మా అరుగు మీద మిగిలిన ఒండ్రు. అమ్మ దాన్ని కరివేపాకు మొక్క కోసం కుండీలో దాచుకుంది, ఓ గుప్పెడు ఇచ్చింది. ఆ సీసాలు తీసుకెళ్లి మా కాలేజీ జియాలజీ మాష్టారి బల్లమీద పెట్టాను. రెండోదాంట్లో ఉన్నది మొదటిదాంట్లోదా కాదా చెప్పండి, ఒక పెళ్లి ఆధారపడి ఉంది అన్నాను.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, “మేడమ్, పెళ్లికొడుకు జాతకం తెస్తారనుకున్నాను” అన్నారు.

మనిషి సరదా గాని, శాస్త్రం దగ్గర సరదా ఉండదు. మూడు సీసాల్లోంచీ కొంచెం కొంచెం తీసి కడిగి, ఎండబెట్టి, మూడు కాగితాల మీద పోశారు. పాడైపోయిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి పల్చటి కాగితం చుట్టి దానిమీంచి నడిపారు. మూడింటిలోంచీ నల్లటి సన్నటి నూక లేచి అయస్కాంతానికి మీసాల్లా అంటుకుంది.

“ఇది చాలావరకు నాసిక్, ఔరంగాబాద్ వైపుది” అన్నారు.

ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కనులో భూమి బీటలు వారి లావా పొంగి పరుచుకుంది. అదే గట్టిపడి నల్లరాయి అయింది. గోదావరి నీళ్లన్నీ వచ్చి పడే ప్రదేశం 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లు. అందులో సగానికి కాస్త తక్కువ ఆ నల్లరాయే. రాయి చివికి నల్లరేగడి అయింది, రేగడిలో ఈ ఇనుప నూక ఉంది, అది త్ర్యంబకం దగ్గర బయల్దేరి 1465 కిలోమీటర్లు వచ్చి మా అరుగు ఎక్కింది. తరవాత భూతద్దం ఇచ్చి చూడమన్నారు. తెల్లటి ఇసుక మధ్య దానిమ్మగింజ తునకల్లా ఎర్రటి పలుకులు. అవి గార్నెట్లు. నల్లరాతిలో అవి దొరకవు. పాపికొండలూ ఆ పైన తూర్పు కనుమలూ ఉన్నాయే, ఆ రాళ్లలోవి. శబరి కోరాపుట్టు కొండలమీంచి దిగి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది గదా, అటువైపు సొత్తు.

నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. ఎర్రగా వస్తే శబరిది, నల్లగా వస్తే పైదేశంది. ఆ మాట చెబితే ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. “రంగు కూడా ఒక ఆధారమే మేడమ్. రంగు చూసి మట్టి జాడ పట్టే పద్ధతి మావాళ్లకీ ఉంది. మీ నాయనమ్మగారు బిందెతో చేశారు, వాళ్లు యంత్రాలతో చేస్తారు, అంతే” అన్నారు.

దీన్ని మట్టి వేలిముద్రలు పట్టడం అంటారట. నదికి మట్టి ఇవ్వగల చోట్లన్నీ తిరిగి, దున్నిన పొలాలు, అడవి నేలలు, కోసుకుపోయే ఒడ్లు, గండ్లు, అన్నిచోట్లా నమూనాలు తీస్తారు. ఒక్కొక్క దాంట్లో ఏ లోహం ఎంత, అయస్కాంత గుణం ఎంత, రంగేమిటి అని రాసుకుంటారు. తరవాత నదిలో మట్టి తీసి, ఏయే మట్టిని ఏయే పాళ్లలో కలిపితే ఇది తయారవుతుందో లెక్కకడతారు. మనం సాంబారు రుచి చూసి ధనియాలు ఎంత, మెంతులు ఎంత అని చెప్పినట్టు. కాకపోతే వంటింట్లో డబ్బాలన్నీ ఎదురుగా ఉంటాయి. వాళ్లు ముందు డబ్బాలని వెతుక్కోవాలి.

అన్నిటికన్నా నన్ను కదిపింది సీసియం సంగతి. 1950లలో, 60లలో పెద్ద దేశాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చి పరీక్షలు చేశాయి. 1963లో ఒడంబడిక కుదిరి అలాటివి చాలావరకు ఆగాయి. ఆ పేలుళ్లలో పుట్టిన సీసియం-137 వానతో పాటు ప్రపంచమంతటా నేలమీద పడింది. పడి, బంకమట్టిని పట్టుకుని వదలకుండా పైపొరలో ఉండిపోయింది. అంచేత నదిలో బురదకి ఆ సీసియం ఉంటే అది పొలాల పైమట్టి. లేకపోతే ఏ ఒడ్డు లోపలిదో, గండి అడుగుదో. ఇలా వెతికిన చోట్ల, రైతులు దున్నడం వల్లే బురద అని అందరూ తిట్టిపోస్తున్న కొన్ని నదుల్లో బురద చాలావరకు ఒడ్లదేనని తేలిందట. అయితే 30 ఏళ్లకి అందులో సగం హరించుకుపోతుంది. 1963 నాటిది ఇప్పుడు పావు వంతే మిగిలింది. పైగా మన వైపు మొదటే తక్కువ పడింది. నాన్నగారు నిక్కర్లు వేసుకుని ఆ తోటలో తిరిగిన రోజుల్లో, ఎక్కడో ఎవరో పేల్చిన బాంబు బూడిద ఆయన నెత్తిమీదా, నేలమీదా పడిందన్నమాట. నేల దాన్ని గుర్తుపెట్టుకుంది. ఆయనకి తెలియనే తెలియదు.

“మట్టి కోసం తగాదా పడడంలో మీ నాన్నగారు మొదటివారేం కాదు” అని మాష్టారు కాలిఫోర్నియా కథ ఒకటి చెప్పారు. అక్కడ బంగారం కోసం కొండల్ని నీటి గొట్టాలతో కొట్టి కరిగించేవారు. ఆ మట్టంతా ఏళ్లలో పడి, కింద లోయలో రైతుల పొలాల్ని ముంచేసింది. రైతులు కోర్టుకెక్కారు. 1884లో న్యాయమూర్తి సాయర్ ఆ మట్టిని ఏళ్లలోకి వదలకూడదని తీర్పు ఇచ్చాడు. తరవాత గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ మట్టి ఎంత, ఎక్కడుంది, ఎటు నడుస్తోంది అని లెక్కలు తీసి 1917లో పెద్ద గ్రంథమే రాశాడు. ఆ ముద్దాయిలు కొండమీద గొట్టం పట్టుకుని నిలబడి కనిపించారు గనక తీర్పు చెప్పడం కుదిరింది. మా బాబాయి చేతిలో గొట్టం లేదు.

“సరే, మా సీసాల సంగతి?” అన్నాను.

“మొదటిదీ రెండోదీ ఒకేలా ఉన్నాయి.”

నా గుండె గుభేలుమంది. నాన్నగారే గెలిచారా?

“మూడోది కూడా అలాగే ఉంది. ఉండక ఏం చేస్తుంది? మీ ఒడ్డూ గోదావరి తెచ్చిందే, ఆయన మేటా గోదావరి తెచ్చిందే. ఒకే పిండితో వేసిన రెండు అట్లు తెచ్చి, ఇది దాంట్లోంచి తుంచిందా అంటే ఎలా చెప్పను? మీ తోట మాత్రం మీ తాతగారు పుట్టించారా? అంతకు ముందు అది ఏ వార్ధా రైతు చేలోదో, ఏ బస్తరు అడవిలోదో.”

2006లో గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగునుంచి జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ పొడుగాటి మట్టికడ్డీ ఒకటి పైకి తీసింది. పదకొండు వేల ఏళ్లుగా గోదావరి పంపిన మట్టి అందులో పొరలు పొరలుగా ఉంది. అందులోని నియోడిమియం అనే లోహాన్ని బట్టి ఏ పొర ఎక్కడినుంచి వచ్చిందో చూసి 2017లో ప్రకటించారు. వానలు తగ్గి పచ్చదనం పలచబడిన కొద్దీ దక్కను నల్లమట్టి పాలు పెరిగింది. ఆపైన, గత మూడు వేల ఏళ్లలో, అక్కడ మనుషులు అడవి నరికి నేల దున్నడం మొదలెట్టాక, మట్టి రావడం ఒక్కసారిగా ఎక్కువైంది. మాష్టారు ఇదంతా మామూలుగా చెప్పుకుపోతున్నారు. నాకు మాత్రం ఎన్నడో పేరు తెలియని ఒక రైతు పైదేశంలో తన చేను గట్టున కూచుని, వానకి కొట్టుకుపోతున్న నల్లమట్టిని చూస్తున్నట్టే కనిపించింది. ఆయన ఎవరిని తిట్టుకున్నాడో.

నేను దిగాలుగా సీసాలు సర్దుకుంటూంటే, “అయితే మీ నాన్నగారి లెక్కలో ఒక తప్పుందండీ” అన్నారు. కాగితం మీద పాములా మెలికలు తిరిగే ఏరు గీశారు. ఏరు వంపు తిరిగేచోట నీటి ఒరవడి బయటి ఒడ్డుని కోస్తుంది, లోపలి ఒడ్డున మేట వేస్తుంది. ఎదురెదురుగా కోతా మేటా కనిపించేసరికి, ఇటు కోసింది అటు వేసిందని ఎవరికైనా అనిపిస్తుంది. 1945లో అమెరికాలో మిసిసిపీ ఒడ్డున, విక్స్‌బర్గ్‌లో, ఫ్రీడ్‌కిన్ అనే ఇంజనీరు ఇసుక పరిచి దానిమీద చిన్న ఏరు పారించి, దాన్ని మెలికలు తిరగనిచ్చి చూశాడు. ఒడ్డునుంచి కోసుకుపోయిన ఇసుకలో ఎదుటి ఒడ్డుకి దాటింది బహు తక్కువ. ఎక్కువ భాగం అదే ఒడ్డు వెంట కిందికి పోయి, తరవాతి వంపులో, అదే వైపున మేట వేసింది.

“అంటే?”

“అంటే మీ తోటలో ఇసుక పాలు బహుశా మీ ఒడ్డునే, కింది వంపులో ఉండాలి. మెత్తటి ఒండ్రు పాలు ఏనాడో సముద్రంలో కలిసింది. మీ బాబాయిగారి మేట, ఆయన వైపునే ఎగువన ఎవరి ఒడ్డు తెగిందో వాళ్లది అయి ఉండాలి. ఇది ప్రయోగశాలలో ఏరు సుమండీ, గోదావరి కాదు. ఖాయంగా చెప్పాలంటే ఊరూరా తిరిగి నమూనాలు తియ్యాలి.”

శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరెళ్లాను. నాన్నగారు గట్టుమీదే ఉన్నారు. పక్కన కూచుని, అయస్కాంతం ఆయన చేతికిచ్చి, నాసిక్ నూకనీ పాపికొండల ఎర్రపలుకులనీ చూపించాను. చిన్నపిల్లాడిలా ముచ్చటపడ్డారు. తరవాత మెల్లిగా విక్స్‌బర్గ్ సంగతి చెప్పాను. తెలుగు చెప్పేవాళ్లం గదా, ‘బహుశా’ అన్న మాటని మింగేశాను.

నాన్నగారు చాలాసేపు ఏటివైపు చూశారు. “మీ మాష్టారు ఖాయంగా చెప్పారా?” అని అడిగారు.

అక్కడ అబద్ధం ఆడలేకపోయాను. “ఖాయంగా చెప్పలేదు నాన్నగారూ. బహుశా అన్నారు” అన్నాను.

“ఊఁ” అన్నారు. కాసేపటికి, “నేను మాత్రం ఇన్నేళ్లూ ఖాయంగానే చెప్పాను” అన్నారు.

తరవాత ఆయన అడిగినది వేరు. పూర్వం ఏరు ఓ చోట తీసుకుంటే, పదేళ్లకో పదిహేనేళ్లకో ఎక్కడో ఓ చోట తిరిగి ఇచ్చేది, ఇప్పుడు తీసుకోవడమే గాని ఇవ్వడం తగ్గిందేం అన్నారు. దానికి మాష్టారి దగ్గర జవాబు ఉంది, నేను రాసుకొచ్చాను. పూర్వం గోదావరి ఏడాదికి 17 కోట్ల టన్నుల మట్టి మోసేదని 1980లలో లెక్క. పైన జాయక్‌వాడి మొదలుకుని ఆనకట్టలెన్నో వచ్చాయి. ఆ మట్టి వాటి వెనకాల ఆగిపోతోంది. పోచంపాడు జలాశయం 112 టీఎంసీలకని కడితే, పూడిక పడి సుమారు 80కి దిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో ప్రకటించిన లెక్కలో, 1970లలో ఏటా 15 కోట్ల టన్నులు వస్తూ ఉండే మట్టి, 1990లకి 6 కోట్ల లోపుకి పడిపోయింది. 1976 నుంచి పాతికేళ్లలో డెల్టా అంచున సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం తినేసింది. మన తోట నేల మళ్లీ మేటగా లేవాలంటే పైనుంచి రావాలి గదా, రావడం లేదు నాన్నగారూ, అని చెప్పాను. ఆ మాట చెప్పడం నాకు విక్స్‌బర్గ్ సంగతి చెప్పినంత తేలిక కాలేదు. ఆయన రేకుపెట్టెలో పాసుపుస్తకం ఎందుకు దాచుకున్నారో నాకు తెలుసు.

ఆయన లేచి పంచె దులుపుకున్నారు. నాలుగడుగులు వేసి ఆగి, “కింది వంపులో మేట ఎవరిదే?” అన్నారు.

“నాన్నగారూ!”

“ఊరికే అడిగానమ్మా” అన్నారు.

పెళ్లికి వెళ్లాం. పంటు దిగేసరికి బాబాయి రేవులోనే నిలబడి ఉన్నాడు, చేతికర్ర పట్టుకుని. ఇద్దరూ కావలించుకోలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. మా వైపు మగవాళ్లకి అవి చేతకావు. “భోంచేశావా?” అన్నాడు బాబాయి. పొద్దున్న తొమ్మిదింటికి ఎవరైనా భోంచేస్తారా? “ఇంకా లేదురా” అన్నారు నాన్నగారు. అక్షింతలు వేసి, భోజనాలయ్యాక ఇద్దరూ పందిరి చివర కుర్చీల్లో కూచుని ఆ అయస్కాంతాన్ని నేలమీద దొర్లిస్తూంటే నేను వినాలని దగ్గర చేరాను.

“ఇది నాది కాదురా” అంటున్నారు నాన్నగారు. “నీ ఒడ్డునే పైన ఎవరిదో తెగింది. మా అమ్మాయి కాలేజీలో చెప్పారు.”

“కాలేజీ వాళ్ల మాట నాకెందుకు అన్నయ్యా, ఇది నీ మట్టే.”

“కాదంటూంటే!”

“నా కళ్లతో చూశాను. నీ చెట్టు పడ్డ ఏడే నాకు ఇక్కడ తిన్నె లేచింది.”

“మూర్ఖుడా, ఏరు అలా వెయ్యదురా” అని నాన్నగారు చేతికర్ర లాక్కుని ఇసుకలో పాములా మెలికలు గీయడం మొదలెట్టారు. బాబాయి ససేమిరా ఒప్పుకోలేదు. గొంతులు పెరిగాయి. పెళ్లివారు కంగారుపడి చూశారు. నేను సర్దిచెప్పాలా వద్దా అని ఆలోచించి, ఊరుకున్నాను.

సాయంత్రం ఆఖరి పంటుకి బయల్దేరాం. చూస్తే మాకంటే ముందు గెల ఎక్కి కూచుంది. బాబాయి రేవులో నిలబడి ఏమీ ఎరగనట్టు అవతలికి చూస్తున్నాడు. నాన్నగారు గెలవైపు చూశారు, అమ్మవైపు చూశారు. అమ్మ నీళ్లలోకి చూసింది. నాన్నగారు జేబులోంచి డబ్బులు తీస్తూ, “మా ముగ్గురికీ టిక్కెట్లు. గెలకి ఎంత?” అన్నారు.

పంటువాడు చిల్లర లెక్కపెడుతూ తలెత్తకుండానే, “ఇన్నేళ్లూ రానూ పోనూ ఊరికే మోశానండీ. ఇవాళ ఒక వైపే గదా” అన్నాడు.